పెట్టె మీది 340 గారికి ఒక బాధితుడి లేఖ

విల్లు పేరు కంటే లావుగా అచ్చయిన 340 గారికి,

నమస్కారం. మిమ్మల్ని చూసే ఈ కాంపౌండ్ విల్లు కొన్నాను. ఒక్కసారి కూడా లాగి చూడకుండా, పక్కనే వేలాడుతున్న 310ని 'పాపం ముసలిది' అనుకుని వదిలేసి మరీ కొన్నాను. బాణం సెకనుకు 340 అడుగులు వెళ్లడమంటే మాటలా అనుకున్నా. మాటలేనని తర్వాత తెలిసింది.

మీ లెక్క ప్రకారం లాగే బరువు 70 పౌన్లు, లాగే పొడవు 30 అంగుళాలు, బాణం 350 గ్రెయిన్లు, అంటే 23 గ్రాములైనా లేని పుల్ల. నా సంగతి వేరు. 60 పౌన్లు దాటితే భుజం మొరాయిస్తుంది, చెయ్యి 28 అంగుళాల దగ్గరే ఆగిపోతుంది, వేటకు పనికొచ్చే నా బాణమేమో 425 గ్రెయిన్లు. అంగుళం తగ్గితే దాదాపు పది అడుగులు, పౌను తగ్గితే ఓ రెండు, బాణం మూడు గ్రెయిన్లు బరువెక్కితే ఒకటి చొప్పున మీరు జారుకుంటారట. నారికి కట్టిన పీప్ (గురి చూసే చిన్న రంధ్రం), డీ-లూప్ (నారిని పట్టి లాగే తాడు ముడి) కూడా తలా కాస్త కొరుక్కుతిన్నాయి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు వేస్తే 271! మిగతా 69 ఎక్కడ తాకట్టు పెట్టారు సార్?

పోనీ ఆ 271 అయినా సుఖంగా ఇస్తారా? మీ కోసం కామ్‌లను, అంటే విల్లు కొనల్లో తిరిగే చక్రాలను, ఎంత మొండిగా చెక్కారంటే, లాగడం మొదలెట్టగానే బరువంతా మీద పడుతుంది, చివరిదాకా దిగదు, ఆ తర్వాత చీకట్లో లేని మెట్టు మీద కాలేసినట్టు ఒక్కసారిగా తేలిపోతుంది. 85 శాతం లెట్-ఆఫ్, అంటే పూర్తిగా లాగాక అంత బరువు తగ్గిపోతుంది కాబట్టి అక్కడ పట్టి ఉంచాల్సింది తొమ్మిది పౌన్లే, హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ గురి చూస్తూ మోచెయ్యి కాస్త సడలిందా, తాడు తెంచుకున్న దూడలా నారి నన్ను ముందుకు ఈడ్చుకుపోతుంది. పైగా బ్రేస్ హైట్, అంటే విల్లు పిడికీ లాగని నారికీ మధ్య దూరం, 6 అంగుళాలే. బాణం నారిని అంటుకుని ఎక్కువ దూరం వెళ్తుంది కాబట్టి నా మణికట్టు చేసే ప్రతి వెధవపనీ దానికి తెలిసిపోతుంది.

ఇక ఆ మోత! శబ్దం సెకనుకు 1,100 అడుగులకు పైనే వెళ్తుంది. 30 గజాల దూరంలో ఉన్న జింకకు నారి చప్పుడు సెకనులో పన్నెండో వంతులో చేరిపోతే, నా బాణానికి మూడో వంతు పడుతుంది. మీరు చెప్పినట్టు నిజంగా 340 ఉన్నా పావు సెకను దాటుతుంది. ఈలోపు జింక వంగి, నన్ను తిట్టుకుని, పక్కకు తప్పుకోవచ్చు.

ఆ 'ముసలి' 310 స్నేహితుడి దగ్గరుంది. అడిగి లాగి చూశాను. ఉయ్యాలను వెనక్కి లాగినంత మెత్తగా వచ్చింది, వదిలాక చేతిలో వణుకే లేదు. 20 గజాల్లో అయిదు బాణాలూ అరచేయంత చోట్లో పడ్డాయి, అదీ నావే.

నిన్న ఒకాయన "మీ విల్లు స్పీడెంత?" అని అడిగాడు. తడుముకోకుండా 340 అని చెప్పాను.

ఇట్లు,
మీ 271