మా ఇంట ఉన్నది ఎలర్జీ మాత్రమే

మర్యాదస్తుల ఇళ్లలో గజ్జి ఉండదు. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు, వేళ్ల సందులు గోక్కుంటూ. అక్కడ ఉండేది స్కిన్ ఎలర్జీ. పై అంతస్తువారి అబ్బాయి పండగ సెలవులకు హాస్టల్ నుంచి తెచ్చాడు. నెల తిరిగేసరికి అమ్మకూ నాన్నకూ పాకింది. నీళ్లు పడలేదన్నారు, వంకాయ పడలేదన్నారు. ఒకే వంకాయ ముగ్గురికీ వేళ్ల సందుల్లోనూ బొడ్డు చుట్టూనూ మాత్రమే, అదీ రాత్రిపూట ఎక్కువగా పడకపోవడం వైద్యశాస్త్రానికి ఇంకా అందని వింత.

వంకాయ తరఫున వకాల్తా పుచ్చుకునేవారు లేరు గనుక నేనే పుచ్చుకుంటున్నాను. అసలు నిందితురాలు సాలీడుకు దూరపు చుట్టమైన ఎనిమిది కాళ్ల పురుగు. పొడవు అర మిల్లీమీటరైనా ఉండదు. ఆడది చర్మం పై పొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మామూలు రోగి ఒంటిమీద ఇవన్నీ కలిపి 10, 15కు మించవు. అంత గోకుడూ ఆ పదిహేనింటి ప్రతాపం కాదు, వాటిమీదా వాటి మలం మీదా మన ఒంటికి వచ్చే కోపం. మొదటిసారి ఆ కోపం రావడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆలోగా అబ్బాయి ప్రేమగా అందరి పక్కనా పడుకుని ఉంటాడు.

పెద్దలు ఈ పురుగును గుర్తించకపోవడం కొత్త కాదు. 1687లోనే ఇటలీలో బొనోమో, చెస్తోని అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని సూక్ష్మదర్శినిలో చూసి, గజ్జికి కారణం ఇదేనని రాశారు. పండితులు పట్టించుకోలేదు. 1812లో పారిస్‌లో గాలే అనే ఆయన బొమ్మలతో సహా సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. తీరా చూస్తే ఆ బొమ్మలోది చీజ్‌కు పట్టే పురుగు! చివరికి 1834లో రెనూచి అనే కోర్సికా దీవి వైద్య విద్యార్థి సూదిమొనతో అసలు పురుగును తీసి చూపించాడు. ఆ విద్య అతనికి తన సీమలోని ఆడవాళ్ల నుంచి వచ్చింది. వాళ్లకు పట్టాలు లేవు, సూదులు ఉన్నాయి.

గజ్జి అనే మాటను మనం రెండు చోట్ల మాత్రం ధారాళంగా వాడతాం: కుక్కకు ముందు, కులానికి వెనుక. కులగజ్జి ఉన్నవారు దాన్ని కారు వెనుక అద్దం మీద రాయించుకుంటారు. అసలు గజ్జి ఉన్నవారు పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు.

మర్యాదకు మందు కూడా మర్యాదగానే ఉండాలి. మందుల షాపులో ఎలర్జీకి ట్యూబు అడిగితే స్టెరాయిడ్ కలిసినది ఇస్తారు. ఎర్రదనం అణుగుతుంది, పురుగుల సంసారం సాగుతుంది. డాక్టరు మాత్రం పురుగును చంపే పెర్మెత్రిన్ అనే పూతమందు రాసి, మెడ నుంచి అరికాళ్ల దాకా, దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి పూసుకోమన్నారు. వారం పది రోజులకు మళ్లీ పూసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. "నాకేమీ లేదు, నేనెందుకు పూసుకోవాలి?" అన్నారు తాతగారు. ఆయన పరువు నిలిచింది. ఆయన దుప్పటిలో పడుకునే మనవడికి మూడు వారాల్లో మళ్లీ మొదలైంది. గోకిన పుండ్లు చీము పట్టి, ఒక్కోసారి పిల్లల మూత్రపిండాల దాకా తెస్తాయని డాక్టరు చెప్పిన మాట మాత్రం లిఫ్టు దిగేలోపే మరిచిపోయారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది. ఆ నిర్లక్ష్యంలో మావాళ్ల కృషి ఎంతో ఎవరూ లెక్కగట్టలేదు. గత ఆదివారం అసోసియేషన్ సమావేశంలో నీళ్ల ట్యాంకు కడిగించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. అందరూ చేతులెత్తారు, ఎత్తిన చేతిని రెండో చేత్తో గోక్కుంటూ.