డాయిచ్‌లాండ్ టికెట్ గారికి ఒక ఒంటరి చందాదారు మొర

మహారాజశ్రీ డాయిచ్‌లాండ్ టికెట్ గారి సముఖానికి,

బెర్లిన్ నుంచి మీ చందాదారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, పెరుగుతున్న మీ ఒళ్ళు చూస్తుంటేనే తెలుస్తోంది. జర్మనీ అంతటా లోకల్, ప్రాంతీయ రైళ్ళలో, బస్సుల్లో చెల్లే నెలవారీ పాస్ మీరు. 2023 మే నెలలో పుట్టినప్పుడు నెలకు 49 యూరోలు. 2025 జనవరికి 58. 2026 జనవరికి 63. దిష్టి తగలకుండా చూసుకోండి. మీకు ముందు అన్నగారొకాయన ఉండేవారు గుర్తుందా, 2022 వేసవిలో, జూన్ నుంచి ఆగస్టు దాకా మూడు నెలలే బతికారు, నెలకు 9 యూరోలు. ఆయన పుణ్యాన పంక్ కుర్రాళ్ళు రైళ్ళెక్కి, డబ్బున్నవాళ్ళు సెలవులకు వెళ్ళే సిల్ట్ దీవిలో దిగి, బీరు సీసాలతో నడివీధిలో మకాం పెట్టారు, ఆ వేసవంతా టీవీల్లో అదే గోల. ఆయన రేటుకు మీ రేటు ఇవాళ సరిగ్గా ఏడింతలు. మంచివాళ్ళకు ఆయుష్షు తక్కువని ఊరికే అనలేదు పెద్దలు.

సరే, రేటు గురించి ఏడవడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. (మధ్యమధ్యలో కొంచెం ఏడుస్తాను, ఏమీ అనుకోకండి.) నా ఫిర్యాదు నా శనివారాల గురించి.

నాకు ఆఫీసు వారానికి ఒక్కరోజే. మిగతా రోజులు వంటింటి బల్ల మీదే లాప్‌టాప్. ఆ ఒక్కరోజు రానూపోనూ టికెట్లు విడిగా కొనుక్కుంటే మీకు కట్టేదాంట్లో సగం కొంచెం దాటుతుందేమో. అంటే మిగతా సగం వసూలు చేసుకోవాలి కదా? 63 యూరోలంటే రూపాయల్లో ఆరు వేలు దాటుతుంది, ఆ లెక్క వేయకూడదని పదేళ్ళుగా ఇక్కడున్నవాళ్ళు చెబుతూనే ఉంటారు, వాళ్ళు కూడా వేస్తూనే ఉంటారు. శుక్రవారం రాత్రి ఫోన్ తీస్తే యాప్‌లో మీ నలుపు తెలుపు గళ్ళ ముఖం కనిపిస్తుంది. ఏమీ అనరు మీరు. అనక్కర్లేదు. ఆకలి లేకపోయినా డబ్బు కట్టాం కదా అని బఫేలో మూడో ప్లేటు పట్టుకున్న మనిషిలా తెల్లారి ఎనిమిదింటికల్లా ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటాను, చేతిలో పులిహోర డబ్బా, ఏ ఊరికి వెళ్ళాలో ఇంకా తేల్చుకోలేదు, ఏ ట్రైను ముందొస్తే ఆ ఊరు.

ఇందులో పెద్ద తమాషా ఏమిటంటే దీన్ని జనం సోలో ట్రావెల్ అంటున్నారు. ఫోటో పెట్టగానే "నిన్ను నువ్వు వెతుక్కుంటున్నావు, సూపర్" అని కామెంట్లు. నేను వెతుక్కుంటున్నది నా 63 యూరోల్ని, తల్లీ. మనోధైర్యం, స్వేచ్ఛ, అంతర్ముఖ ప్రయాణం, ఇవేవీ నా దగ్గర లేవు. ఒంటరిగా ఎందుకెళ్తానంటే మీరు ఒక్కరికే చెల్లుతారు కాబట్టి. బెర్లిన్‌లో పాత నెలవారీ పాస్ ఒకటుంది, దానితో శని, ఆదివారాలు ఇంకొక పెద్దమనిషిని, ముగ్గురు పిల్లల్ని ఉచితంగా వెంటబెట్టుకుని వెళ్ళొచ్చు, కుటుంబ విలువలు తెలిసిన పాస్ అది. మీరలా కాదు. మీ మీద నా పేరు, నా గుర్తింపు కార్డు మీద నా పేరు, రెండూ కలవాలి. టీసీ ఆవిడ కార్డు పట్టుకుని మా ఇంటిపేరు చదవడం మొదలుపెట్టి, సగంలో ఊపిరి తీసుకుని, సరే సరే అని తిరిగిచ్చేసి వెళ్ళిపోతుంది. అమ్మ ఆదివారం ఫోన్‌లో "ఒక్కదానివే వెళ్ళావా? తోడు ఎవరూ లేరా?" అని అడిగితే "టికెట్టు ఒక్కళ్ళకే అమ్మా" అని చెప్పా. "అయితే ఇంట్లో ఉండొచ్చుగా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరేమైనా ఉంటే తెలియజేయగలరు.

మీరు నన్ను పంపిన ఊళ్ళ గురించి కూడా చెప్పాలి, లేకపోతే కృతఘ్నురాలినవుతాను.

ల్యుబెనావ్ మీకు తెలుసు. బెర్లిన్ నుంచి కాట్‌బుస్ వెళ్ళే ట్రైన్లో గంట దాకా ప్రయాణం, స్టేషన్‌లో దిగగానే ఊరి పేరు రెండు భాషల్లో ఉంటుంది, జర్మన్‌లో ఒకటి, ఆ ప్రాంతంలో జర్మన్లకంటే ముందు స్థిరపడిన సోర్బుల భాషలో ఇంకొకటి. పడవల రేవు దాకా నడక. ష్ప్రే నది అక్కడ సన్నసన్న కాలవలుగా చీలిపోయి అడవిలోకి పోతుంది, ఆ కాలవల్లో అడుగు చదునుగా ఉండే పొడవాటి పడవలు, వెనక నిలబడి పొడవాటి గెడతో తోసే పడవవాళ్ళు. పడవలో ఎదురెదురు బల్లలు, మధ్యలో గుడ్డ పరిచిన టేబుళ్ళు, వాటి మీద చిన్న పూలకుండీ. నిండితే గాని పడవ కదలదు. మన షేర్ ఆటోవాడు కూడా ఇదే అంటాడు కాబట్టి నాకేం కొత్తనిపించలేదు. అరవై దాటిన మిత్రబృందం ఒకటి అప్పటికే ఎక్కి పొద్దున పదిన్నరకే సీసా తెరిచేశారు. వాళ్ళ వెనక ఉన్న నలుగురి కుటుంబానికి చోటు చాలలేదు. పడవాయన నా వైపు చూసి ఒక్క వేలు చూపించి "ఒక్కరేనా? అయితే ఎక్కండి" అన్నాడు. నలుగురినీ దాటుకుని ఎక్కుతుంటే వాళ్ళ చిన్నపిల్ల నా వైపు చూసిన చూపు చెప్పలేను. ఒంటరితనం వల్ల నాకు ఇంతవరకు ఒరిగిన లాభం ఆ ఒక్క సీటే, దాని గొప్పతనం కూడా మీ ఖాతాలోనే వేసుకోండి.

పక్కన కూర్చున్న పెద్దాయన ఏ దేశమని అడిగి, ఇండియా అనగానే ఊరగాయల గురించి మొదలుపెట్టాడు. అక్కడి ఊరేసిన దోసకాయలకు 1999 నుంచి యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది, బయట ఊరేసినదానికి ష్ప్రేవాల్డ్ అన్న ఆ ప్రాంతం పేరు పెట్టి అమ్మడానికి వీల్లేదు. మా అమ్మమ్మ ఆవకాయకు అలాంటి చట్టం ఉంటే మా పెద్దత్తయ్య ఎప్పుడో జైల్లో ఉండేది. మధ్యలో లేడె అనే ఊరి దగ్గర పడవ ఆగింది. వేసవి నెలల్లో ఆ ఊరికి ఉత్తరాలు పడవ మీదే వస్తాయి, పసుపురంగు తపాలా పడవ, పోస్ట్‌ఉమన్ దాన్ని గెడతో తోసుకుంటూ ఇంటింటి రేవుకూ వెళ్తుంది. ఊరగాయ దోసకాయ ఒకటి పుల్లకు గుచ్చి ఇచ్చారు, శతకుప్ప వాసన, కొరికితే కరకర, పులుపు బానే ఉంది కానీ కారం ఎక్కడ? మధ్యాహ్నానికి శాకాహారం దొరికింది, అదీ అక్కడి సొంత వంటే. తొక్కతో ఉడికించిన బంగాళాదుంపలు, పక్కన గట్టి పెరుగులాంటి క్వార్క్, దాని మీద పచ్చి అవిసె నూనె. నూనె కాస్త చేదుగా, గడ్డి వాసనతో ఉంటుంది. సంచిలోంచి పులిహోర డబ్బా తీయాలనిపించింది, పక్క టేబుల్ ఆవిడ చూస్తోందని మానుకుని నూనంతా తుడిచి తినేశాను. బానే ఉంది నిజానికి. చూశారా, మీకు కావాల్సింది ఇదేగా, "బానే ఉంది" అనిపించడం.

హాఫెల్ ఒడ్డున ఉన్న బ్రాండెన్‌బుర్గ్ ఊళ్ళో కొమ్ములున్న కంచు పగ్ కుక్కల్ని చూపించారు. లోరియో అనే హాస్యగాడు 1923లో ఆ ఊళ్ళో పుట్టాడట, ఆయన కల్పించిన కొమ్ముల కుక్కల్ని ఊళ్ళో అక్కడక్కడా నిలబెట్టారు. ఒంటరిగా వెళ్ళి కుక్క బొమ్మలు లెక్కపెట్టుకుంటూ తిరిగే ముప్పై ఏళ్ళ ఆడమనిషిని స్థానికులు ఎలా చూస్తారో మీరెప్పుడైనా ఆలోచించారా? నీడర్‌ఫినోలో మాత్రం నిజంగా నోరు తెరిచాను. నీళ్ళతో సహా పడవల్ని 36 మీటర్ల ఎత్తుకు ఎత్తి దించే లిఫ్టు, 1934 నాటిది, దాని పక్కనే 2022లో తెరిచిన కొత్తది. స్టేషన్ నుంచి అరగంట నడక. సరుకు పడవ ఒకటి మెల్లగా, ఏ తొందరా లేకుండా పైకి లేస్తుంటే రైలింగ్ పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ పడవ కూడా ఎక్కడికో పని మీద వెళ్తోంది, నేనొక్కదాన్నే పనిలేకుండా ఉన్నాను.

ఇక కష్టాలకొస్తే, మీ పరిధి ట్రైనుతో అయిపోదు, ఊరి బస్సుల్లోనూ మీరు చెల్లుతారు. బస్సుంటే. స్టాపులో టైమ్‌టేబుల్ చూస్తే గంటకొకటి చొప్పున ఉన్నట్టే ఉంటుంది. ప్రతి టైము పక్కనా ఒక బుల్లి అక్షరం. కిందికి వంగి, కళ్ళు చికిలించి చూస్తే, బడి రోజుల్లో మాత్రమే. నేను వెళ్ళేది శనివారం. ఇంకొన్ని బస్సులు ఫోన్ చేస్తేనే వస్తాయి, అదీ ముందుగా చెప్పాలి. అడవి అంచున, సిగ్నల్ ఒక్క గీత మీద, నా జర్మన్‌లో బస్సును పిలవడం అంటే ఏమిటో ఒకసారి మీరే ప్రయత్నించి చూడండి. మనూళ్ళో చెయ్యెత్తితే బస్సు ఆగేది, ఇక్కడ ముందు పరిచయం కావాలి.

శనివారం కుదరక ఆదివారం వెళ్ళామా, అంతే సంగతులు. ఆదివారం విశ్రాంతి దినమని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్నారు, ఆ వాక్యాన్ని 1949 రాజ్యాంగంలోకి అలాగే తెచ్చుకున్నారు, అంచేత ఊళ్ళో కిరాణా కొట్టు మూసి ఉందని విసుక్కుంటే రాజ్యాంగాన్ని విసుక్కున్నట్టే. తెరిచి ఉండేది ఒక ఐస్‌క్రీమ్ బండి, ఒక చర్చి. రెండూ రెండ్రెండుసార్లు చూసినా పన్నెండున్నరే అవుతుంది, తిరుగు ట్రైనుకు ఇంకా గంటన్నర.

తిరుగు ట్రైను అన్నాను కదా. గంట లేటైతే మీ తరఫున నాకు దక్కే పరిహారం ఒకటిన్నర యూరో. అదీ చేతికివ్వరు, 4 యూరోలైనా పోగుపడితే తప్ప. అంటే గంట ఆలస్యాలు మూడు కూడబెట్టుకోవాలి, అప్పుడు నాలుగున్నర. మొన్నొకరోజు ట్రైను 52 నిమిషాలు లేటు. ప్లాట్‌ఫారం మీద అందరూ తిట్టుకుంటున్నారు, నేనొక్కదాన్ని ఇంకో ఎనిమిది నిమిషాలు గట్టెక్కించు స్వామీ అని ఏడుకొండలవాడికి దండం పెట్టుకుంటున్నాను. 57 దగ్గర వచ్చేసింది దరిద్రం. సైకిళ్ళతో కిక్కిరిసిపోయి, ఒక సైకిల్ పెడల్ నా మోకాలికి తగులుతుంటే, చల్లారిన పులిహోర ఒంటికాలి మీద నిలబడి తిన్నాను.

అయితే వదిలేయొచ్చుగా అంటారు. మిమ్మల్ని వదిలించుకోవాలంటే పదో తారీఖులోగా చెప్పాలి, అప్పుడు ఆ నెలాఖరుకు పోతారు. తొమ్మిదో తారీఖు రాత్రి నేను నిజంగానే ఆ పేజీ తెరుస్తాను. సరిగ్గా అప్పుడే వాతావరణం యాప్ శనివారానికి సూర్యుడి బొమ్మ చూపిస్తుంది. బెర్లిన్‌లో ఒక చలికాలం గడిపినవాళ్ళకెవరికైనా ఆ బొమ్మ చూస్తే బుద్ధి పనిచేయదు. ఈ నెలా అంతే జరిగింది. కాబట్టి వచ్చే నెల 63 కూడా మీకే, కళ్ళకద్దుకుని తీసుకోండి.

ఈ శనివారం టెంప్లిన్ అనుకుంటున్నాను. ఊరిచుట్టూ 1.7 కిలోమీటర్లకు పైగా పాత కోటగోడ దాదాపు చెక్కుచెదరకుండా ఉంది, మాజీ ఛాన్సలర్ అంగెలా మెర్కెల్ పెరిగిన ఊరు. గోడ వెంట ఒక చుట్టు తిరిగితే అరగంట. మిగతా ఐదు గంటలకు ఏం చేయించదలచుకున్నారో ముందుగా తెలియజేయండి.

ఇట్లు,
మీ చందాదారు

తా.క. తోడు వస్తారా అని ఆఫీసులో అడిగాను. మూడో అంతస్తు ఆవిడ వస్తానంది. ఆవిడ ఫోన్‌లోనూ మీరే ఉన్నారు, ఆవిడకీ మీరు గిట్టుబాటు కావడం లేదట.