నోటితో ఒప్పుకుంటే నోటు బతకదు

కడప జిల్లాలో అప్పున్న క్రైస్తవ విశ్వాసులకు మారుమనస్సు గురించి సరైన సలహా దొరకడం లేదు. అయ్యగార్లు వాక్యం చెబుతారు, వకీళ్లు చట్టం చెబుతారు. రెండూ కలిపి చెప్పే దిక్కులేక కొందరు ఆత్మావేశంలో ఏకంగా అప్పు తీర్చేస్తున్నారు. ఆ ప్రమాదం తప్పించడానికే ఈ నాలుగు మాటలు.

లక్ష రూపాయలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2,000, ఏడాదికి 24,000, మూడేళ్లకు 72,000. ఆ మూడేళ్లే కీలకం. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటు మీద, రాసిన తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయకుంటే 1963 నాటి కాలపరిమితి చట్టం కింద బాకీకి కాలదోషం పడుతుంది. కాబట్టి ఆలోపు పశ్చాత్తాపం కలిగినా తమాయించుకోవాలి. మనసు కరిగి ఐదొందలు చేతిలో పెట్టారనుకోండి, అప్పిచ్చిన అక్క ఊరికే తీసుకోదు. బీరువాలోంచి నోటు తీసి, తిరగేసి, వెనకాల ‘ఈ దినము రూ. 500 చెల్లు’ అని రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించుకుంటుంది. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఐదొందల మారుమనస్సుకు లక్షా డెబ్బై వేల బాకీ లేచి కూర్చుంటుంది.

అందుకే నోటితో ఒప్పుకోవడమే క్షేమం. శనివారం ఏడురోడ్ల దగ్గర అక్క ఎదురైతే సందులోకి మళ్లే మనిషి, ఆదివారం మైకు పట్టుకుని ‘నేను అప్పులపాలైన పాపిని’ అని ఎంత ఏడ్చినా చట్టం చలించదు. దానికి కావలసింది రాత, సంతకం. ‘దేవుడు నన్ను విడిపించినాడక్కా’ అంటే మూడో వరసలోని అక్క ‘ఆమెన్’ అనాల్సిందే. ‘మరి నా దుడ్లు?’ అందంటే క్షమాగుణం లేని మనిషని సంఘమంతా అనుకుంటుంది.

వాక్యం ఎంచుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. ప్రభువు నేర్పిన ప్రార్థనను లూకా సువార్తలో చూస్తే ‘పాపములు’ అని ఉంటుంది, మన పనికి రాదు. మత్తయిలో ‘మా ఋణములు క్షమించుము’ అని ఉంది, అది పట్టుకోవాలి. దాని ముందున్న ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అనే ముక్కను మాత్రం గొణిగేయాలి, మనకు రావలసిన బాకీలూ ఉంటాయి కదా. అదే మత్తయి 18వ అధ్యాయం వైపు అసలు పోవద్దు. పదివేల తలాంతుల పెద్ద బాకీ మాఫీ చేయించుకున్నవాడు నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడక్కడ. దేనారం అంటే రోజు కూలి. ఉపాధి పనికి పోయేవాళ్లకు ఆ లెక్క ఇట్టే అర్థమైపోతుంది.

సుంకం వసూలు చేసే జక్కయ్య కథ, యేసును చూడ్డానికి మేడిచెట్టు ఎక్కేదాకా చెప్పి ఆపేయాలి. దిగాక సగం ఆస్తి బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలన్నాడు. పిల్లలు విని ఇంట్లో లెక్కలడిగితే కష్టం. సంఖ్యాకాండం 5వ అధ్యాయం కొంత నయం, అసలు మీద ఐదో వంతు చాలంటుంది. లక్షకు ఇరవై వేలు. అక్క వడ్డీ ముందు మోషే ధర్మశాస్త్రమే చౌక! బీదవాడైన సహోదరుడి దగ్గర వడ్డీ పుచ్చుకోవద్దని నిర్గమకాండంలో ఉన్న సంగతి అక్క కూడా ఎవరికీ చదివి వినిపించదు, అది వేరే విషయం.

కానుక సంచిలో మాత్రం ధారాళంగా వేయండి, దానికి చెల్లు రాయించేవాళ్లుండరు.

మూడేళ్లు దాటిందని ధీమా పడొద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో చచ్చిన బాకీకి పునరుత్థానం ఉంది. కాలదోషం పట్టిన అప్పు తీరుస్తానని కాగితం మీద రాసి సంతకం పెడితే అది మళ్లీ చెల్లుతుంది. బాప్తిస్మమైన కొత్తలో చెయ్యి ఊరకుండదు, తెలుసు. అంతగా పెట్టాలనిపిస్తే బాప్తిస్మపు రిజిస్టరులో పెట్టండి. అందులో మొత్తం రాసే గడి ఉండదు.