విక్టోరియా రూపాయి ఉంటే లక్షలొస్తాయా?

"మీ ఇంట్లో విక్టోరియా బొమ్మ ఉన్న వెండి రూపాయి ఉందా? అయితే మీరు లక్షాధికారులే!" అనే సందేశం ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతోంది. నాణెం ఎంత పాతదైతే అంత ధర అనీ, స్వాతంత్ర్యానికి ముందు రూపాయలన్నీ స్వచ్ఛమైన వెండే అనీ, తళతళలాడేలా తోమి ఫొటో పంపాలనీ, అమ్మిపెట్టడానికి ముందుగా రుసుము కట్టాలనీ అందులో ఉంటుంది. పెట్టె అడుగున నాలుగు రూపాయలు దాచుకున్న పెద్దవాళ్లు దీన్ని నమ్మి నష్టపోతున్నారు. ఇందులో ఒక్క మాటా నిజం కాదు.

ముందు వయసు సంగతి. 1840 నాటి విక్టోరియా రూపాయి నాణేల వ్యాపారుల దగ్గర ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది. దానికన్నా తొంభై తొమ్మిదేళ్లు చిన్నదైన 1939 రూపాయి కోసం సేకర్తలు వెతికి వేసారిపోతారు. ఎన్ని మిగిలాయన్నదే అసలు లెక్క. 1911లో ఐదో జార్జి రూపాయి వచ్చినప్పుడు, ఆయన అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని జనం ఆగ్రహించారు. అప్పటికి బయటికి వెళ్లినవి సుమారు 7 లక్షలే. మిగిలిన వాటిని కరిగించి, బొమ్మ సరిదిద్ది, 1912లో కొత్తవి ముద్రించారు. ఏడాది తేడా, అదే రాజు, అదే బరువు. అయినా 1911 నాణేనికి వెండి ధరను మించి పలుకుతుంది. ఇక 1918లో యుద్ధకాలపు అవసరానికి కలకత్తా, బొంబాయి టంకశాలలు కలిసి 40 కోట్లకు పైగా రూపాయలు ముద్రించాయి. భారతదేశానికి వెండి అందించడానికి అమెరికా తన వెండి డాలర్లను కోట్ల సంఖ్యలో కరిగించింది కూడా. మన ఇళ్లలో కనిపించే జార్జి రూపాయల్లో చాలావరకు ఇలా కోట్లలో వచ్చినవే. అరిగిపోయిన 1918 రూపాయికి వెండి ధరే ధర.

ఆ వెండి ధరైనా ఎంతో ఇంట్లోనే లెక్క కట్టవచ్చు. 1835 నుంచి 1939 వరకు రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే అసలైన తులం. అందులో వెండి 91.7 శాతం, సుమారు 10.69 గ్రాములు. గ్రాము 100 రూపాయలుంటే 1,069 రూపాయలన్నమాట. దుకాణదారు తరుగు తీస్తాడు. నిజాం చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములే, వెండి 81.8 శాతం, చివరి ఏళ్లలో అదీ సగానికి పడిపోయింది. బ్రిటిష్ రూపాయిలోనూ 1940 నుంచి 1945 వరకు వెండి సగమే. 1947 రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెల్. అయస్కాంతం దగ్గర పెడితే అతుక్కుంటుంది. "స్వాతంత్ర్యానికి ముందువన్నీ వెండే" అన్న మాట ఆ ఒక్క పరీక్షతో తేలిపోతుంది.

తోమమని చెప్పడం నన్ను అన్నిటికన్నా బాధపెడుతుంది. చింతపండుతో, విబూదితో రుద్దితే నలుపుతో పాటు రాణి జుట్టులోని సన్నని గీతలూ పోతాయి. సేకర్త డబ్బిచ్చేది ఆ గీతలకే. పట్టుకుంటే అంచులు పట్టుకోండి, తుడవకండి. హారంలో గుచ్చడానికి కొక్కెం అతికించిన రూపాయిలది మరో కథ. అవి ఎంత అరుదైన సంవత్సరానివైనా చాలావరకు వెండి ధరకే దిగుతాయి. మన ఇళ్లలో అలాంటివి చాలా ఉన్నాయి. వాటిని అమ్మకుండా ఉంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక ముందస్తు రుసుము. పాత నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదనీ, వాటికి రుసుము గానీ కమీషన్ గానీ వసూలు చేయమనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. కాబట్టి ఆ బ్యాంకు పేరు చెప్పి నమోదుకు, పన్నుకు డబ్బు అడిగితే అది మోసం. ఒక్క రూపాయి కూడా పంపకండి. మీ నాణెం గురించి నిజంగా తెలుసుకోవాలంటే దాన్ని తీసుకెళ్లి ఇద్దరు ముగ్గురు నాణేల వ్యాపారులకు విడివిడిగా చూపించండి. వెండి దుకాణంలో కరిగింపు ధర కూడా అడగండి. ఆ రెండు ధరల మధ్య తేడా ఎంతో, అంతే సేకర్త విలువ. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపాలనుకుంటే మాత్రం ఆగండి. నూరేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు, వాటిని వ్యక్తులు దేశం దాటించకూడదు.