ఆ ఐదో నెల మెసేజీ చదివి మాత్రలు ఆపకండి

పది రోజుల కిందట మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ వచ్చింది. "ఐదో నెల పడిన గర్భిణులు తప్పక చదవాలి, పది మందికి పంపాలి" అని మొదలవుతుంది. సాయంత్రానికల్లా అదే మెసేజీ మా వీధి గ్రూపులోనూ, పిల్లల స్కూలు గ్రూపులోనూ, డ్వాక్రా సంఘం గ్రూపులోనూ కనబడింది. మొన్న నరసన్నపేట దగ్గర మా పుట్టింటికి వెళ్ళాను. మా తమ్ముడి భార్యకి ఇప్పుడు ఐదో నెల, తొలి కాన్పు. కాఫీ పొడి కోసం అలమర తీస్తే బియ్యం డబ్బా వెనక ఎర్ర ఐరన్ మాత్రల అట్టలు కనబడ్డాయి. లెక్కపెట్టాను. మెసేజీ వచ్చిన రోజు నుంచి ఒక్కటీ వేసుకోలేదు.

"ఏటి వదినా, అవి వేసుకుంటే పిల్ల నల్లగా పుడతాదంట కదా" అంది. డిగ్రీ చదివిన పిల్ల. దాని తప్పేం లేదు. తొలిసారి కడుపుతో ఉన్న మనిషికి ఎవరేం చెప్పినా భయమే.

నేను పదమూడేళ్ళుగా గర్భిణుల ఓపీలో నర్సుగా పని చేస్తున్నాను. ఆ మెసేజీలోని మాటలు ఒక్కొక్కటే చెప్పి, వాటికి నా జవాబు రాస్తాను.

"ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది, బాగా పెరిగిపోయి ఆపరేషన్ అవుతుంది" అన్నది మొదటి మాట. ఎక్కువ చెడు చేసేదీ ఇదే. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి, వాళ్ళ తాతముత్తాతల నుంచి వచ్చేది. మాత్ర దాన్ని మార్చలేదు. ఈ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. ఒంటికి పట్టని ఇనుము అలా బయటికి పోతుందంతే. దాన్ని చూసి, లోపల బిడ్డ కూడా నల్లబడుతుందేమోనని ఎవరో అనుకున్నారు, ఆ మాట అలా నిలిచిపోయింది.

ఐదో నెలకి తల్లి ఒంట్లో రక్తం బాగా పెరుగుతూ ఉంటుంది. నెలలు నిండేసరికి మామూలు కంటే దాదాపు సగం ఎక్కువ అవుతుంది. అందులో నీటి భాగం త్వరగా పెరుగుతుంది, ఎర్ర కణాలు అంత వేగంగా పెరగవు. పలుచన చేసిన మజ్జిగలా అవుతుందన్నమాట. అందుకే హిమోగ్లోబిన్ కొంత తగ్గడం సహజం. కానీ 11 కంటే తగ్గితే రక్తహీనతే. 7 కంటే తగ్గితే ఆస్పత్రిలో ఉంచి చూడాల్సిన పరిస్థితి. మామూలు కాన్పులోనే అర లీటరు దాకా రక్తం పోవచ్చు. 11 ఉన్న మనిషి దాన్ని తట్టుకుంటుంది. 6 ఉన్న మనిషికి ప్రాణం మీదకి వస్తుంది. ఈ తేడా నేను కాన్పు గదిలో కళ్ళారా చూశాను. అందుకే ఈ విషయంలో గొంతు పెంచుతాను.

నాలుగో నెల నుంచి రోజుకొక మాత్ర, 180 రోజులు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. ఇది బిడ్డను లావు చేసేది కాదు. బిడ్డ మరీ పెద్దదవడానికి ఎక్కువగా కారణం తల్లికి సుగరు. మా మరదలికి అసలు కష్టం వాంతి వచ్చినట్టుండటం, మలబద్ధకం. ఆ మాట ఎవరికీ చెప్పలేక ఈ మెసేజీని సాకు చేసుకుంది. రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నాను. టీతో, పాలతో వద్దు, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం మాత్రకీ దీనికీ రెండు గంటలైనా ఎడం ఉండాలి. నిమ్మకాయ నీళ్ళో, జామకాయ ముక్కో తోడైతే బాగా పడుతుంది. అయినా పడకపోతే మందు మార్చమని డాక్టరుని అడగాలి. అలమర వెనక దాచడం మందు కాదు.

రెండో మాట: "ఐదో నెల స్కానింగ్ కిరణాలు బిడ్డ మెదడుకి హాని." స్కానింగులో ఎక్స్‌రే లాంటి కిరణాలుండవు. మన చెవికి వినిపించని శబ్దాన్ని లోపలికి పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి బొమ్మ తీస్తారు. జనం టిఫా స్కాన్ అనే దీన్ని 18 నుంచి 20 వారాల మధ్య, ఆలస్యమైతే 22 వారాల లోపు చేస్తారు. అప్పటికి బిడ్డ తల నుంచి మడమ దాకా పాతిక సెంటీమీటర్ల పొడవు, 300 గ్రాముల పైన బరువు ఉంటుంది. గుండె గదులు, వెన్నెముక, మెదడు, పెదవి, కిడ్నీలు, కాళ్ళు చేతులు విడివిడిగా చూడటానికి ఇదే అనువైన సమయం. ఏదైనా లోపం ఉంటే తల్లిదండ్రులకి ఆలోచించుకునే వ్యవధి, గర్భస్రావానికి చట్టం ఇచ్చే వ్యవధి కూడా ఇప్పుడే ఉంటుంది. ఎనిమిదో నెలలో తెలిస్తే చేతులు కట్టేసినట్టే. ఈ స్కానులో అన్ని లోపాలూ కనబడతాయని మాత్రం ఎవరూ చెప్పలేరు.

రిపోర్టులో "మాయ కిందికి ఉంది" అని రాస్తే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. బిడ్డసంచి పెరిగేకొద్దీ చాలామందిలో మాయ పైకి జరుగుతుంది. డాక్టరు చెప్పిన సమయానికి మళ్ళీ చూపించుకుంటే చాలు. అంతవరకు రక్తం కనబడితే, కొంచెమైనా సరే, వెంటనే వెళ్ళాలి. ఇక ఆడా మగా అని అడగడం, చెప్పడం రెండూ 1994 చట్టం ప్రకారం నేరం. ఆ మెసేజీలో "పొట్ట కోసుగా ఉంటే మగపిల్లాడు" అని ఒక ముక్క ఉంది. పొట్ట ఆకారం తల్లి కండరాల బిగువును బట్టి, బిడ్డ పడుకున్న తీరును బట్టి ఉంటుంది. కుంకుమపువ్వు పాలూ అంతే, దానికీ బిడ్డ రంగుకీ సంబంధం లేదు. అంత డబ్బు పెట్టి కొనే బదులు ఆ డబ్బుతో గుడ్లు తెచ్చుకోవచ్చు.

"ఐదో నెల నిండగానే బిడ్డ తన్నకపోతే బిడ్డకి ప్రమాదం." ఈ మాట చదివి మా మరదలు రెండు రాత్రులు నిద్రపోలేదు. తొలి కాన్పుకి కదలిక 18 నుంచి 20 వారాల మధ్య, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. రెండో కాన్పు వాళ్ళు 16 వారాలకే గుర్తుపడతారు, ముందొకసారి తెలుసు కాబట్టి. మాయ ముందు గోడకి అంటుకుని ఉంటే తన్ను మెత్తగా తగులుతుంది. మొదట తన్నులా కూడా ఉండదు. చెరువులో చేపపిల్ల మెలికలు తిరిగినట్టు, కడుపులో గాలి కదిలినట్టు ఉంటుంది. చాలామంది గ్యాస్ అనుకుంటారు. 24 వారాలు నిండినా ఏమీ తెలియకపోతే తప్పకుండా వెళ్ళి చూపించుకోవాలి. ఒకసారి కదలడం మొదలై, తర్వాత నెమ్మదించిందనిపిస్తే ఆ రోజే వెళ్ళాలి. నేను వెళ్ళిన రోజు మా మరదలిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద వేళ్ళు పెట్టి చూశాను. గర్భసంచి అంచు సరిగ్గా బొడ్డు దగ్గర ఉంది. 20 వారాలకి అక్కడే ఉండాలి. దాని వేళ్ళు పట్టుకుని అక్కడే పెట్టించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, చెయ్యి మాత్రం తియ్యలేదు.

తర్వాతి మాట "రాత్రి అన్నం మానేస్తే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు సులువవుతుంది" అని. ఇది మన పల్లెల్లో పాత మాటే, ఇప్పుడు ఫోనెక్కింది. నాలుగో నెల నుంచి తల్లికి రోజుకి మామూలు కంటే 350 కేలరీలు ఎక్కువ కావాలి. అంటే ఒక గుడ్డు, గ్లాసు పాలు, ఒక చిన్న గిన్నెడు అన్నం. ఇద్దరి తిండి అక్కర్లేదు, ఉన్నది మానక్కర్లేదు. మన ఇళ్ళల్లో ఉండే చోడి (రాగి) అంబలి, పెసరకట్టు, మునగాకు పప్పు, చిన్న చేపల పులుసు చాలు. అంగన్‌వాడీలో ఇచ్చే పాలూ గుడ్లూ ఆమెవి, ఇంట్లో పిల్లలకి పంచేవి కాదు. నెలకి రెండు కిలోల చొప్పున బరువు పెరగడం మంచి లెక్క. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి పాలు పట్టడమూ, ఒళ్ళు వెచ్చగా ఉంచడమూ, జబ్బుల నుంచి కాపాడటమూ అన్నీ కష్టమే. కాన్పు సులువవడం మాట దేవుడెరుగు. పెద్ద బిడ్డంటే భయమైతే 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజు నీళ్ళు తాగించి చేసే సుగరు పరీక్ష చేయించుకోండి. బొప్పాయి పచ్చికాయ వద్దంటే సరే, అందులో జిగురు పాలుంటాయి. బాగా పండినది ఒక ముక్క తిన్నందుకు ఏమీ కాదు.

"బీపీలూ రక్తపరీక్షలూ మన అమ్మమ్మలకి ఉన్నాయా, వాళ్ళు పదేసి మందిని కనలేదా" అని ఇంకో ముక్క. కన్నారు. మా అమ్మమ్మ తొమ్మిది మందిని కంది, ఐదుగురు మిగిలారు. ఆవిడ తోడికోడలు మూడో కాన్పులో పోయింది. మీ ఇంట్లో పెద్దావిడని పక్కన కూర్చుని అడగండి, పేరు పెట్టకముందే పోయిన పిల్లల్ని కూడా లెక్క చెప్పమనండి. అంత వెనక్కి కూడా వెళ్ళక్కర్లేదు. దేశంలో లక్ష మంది బిడ్డలు ప్రాణంతో పుడితే చనిపోయే తల్లులు 1997-98లో 398 మంది. 2018-20 నాటికి అది 97కి దిగింది. ఆస్పత్రి కాన్పులూ, 108 బండ్లూ, ఈ పరీక్షలూ లేకుండా ఆ లెక్క దిగలేదు.

చివరి మాటకి నాకు కోపం వచ్చింది. "కాళ్ళ వాపు వస్తే ఉప్పూ నీళ్ళూ మానేయండి, బీపీ చూపించుకుంటే మందులు అంటగడతారు." సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బి, కాళ్ళు ఎత్తు మీద పెట్టి పడుకుంటే పొద్దున్నకి తగ్గితే అది మామూలే. నీళ్ళు మానితే ఒంట్లో నీరు తగ్గదు, ఎండాకాలంలో కళ్ళు తిరిగి పడిపోతారు. కానీ 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరితే సంగతి వేరు. దాంతో మూత్రంలో ప్రోటీన్ కూడా పోతుంటే అది గుర్రపువాతం దాకా వెళ్ళే జబ్బు. తల్లికి ఫిట్సు రావచ్చు, బిడ్డ ఎదుగుదల ఆగిపోవచ్చు. ఇందులో మోసం ఏమిటంటే, మొదట్లో ఏ బాధా ఉండదు. ఐదు, ఆరు నెలల్లో వాంతులు తగ్గి, ఆకలి వేసి, ముఖం కళకళలాడుతుంది. బాగానే ఉన్నాను కదా అని ఓపీకి రావడం మానేసేదీ ఆ నెలల్లోనే. బీపీ పట్టీ చుట్టి చూస్తే తప్ప అది పెరిగిన సంగతి తెలియదు.

మన శ్రీకాకుళం జిల్లాకి ఇది ఇంకా ముఖ్యం. ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందరిని తినేసిందో అందరికీ తెలుసు. కిడ్నీలు ముందే దెబ్బతిన్న తల్లికి ఈ బీపీ జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ. అక్కడి ఆడపిల్లలు, అక్కడికి కోడళ్ళుగా వెళ్ళినవాళ్ళు బీపీతో పాటు మూత్రపరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా తప్పకుండా చేయించుకోండి. మీరు ఉద్దానం వాళ్ళని, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందని డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ముఖమూ చేతులూ ఉబ్బినా, తగ్గని తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, డొక్కల కింద పైపొట్టలో నొప్పి వచ్చినా, రక్తం గానీ నీరు గానీ పోయినా, జ్వరం కాసినా రేపటిదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. మామూలు పరీక్షలకైతే ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో నాలుగో నెల దాటిన గర్భిణులకి డాక్టరు ఉచితంగా చూస్తారు, 2016 నుంచి నడుస్తోంది. తల్లీబిడ్డ కార్డు వెంట తీసుకెళ్ళండి, బీపీ, బరువు, హిమోగ్లోబిన్ అందులో రాయించుకోండి. రాయకపోతే రాయమని అడగండి.

మా మరదలి కార్డులో పోయిన నెల హిమోగ్లోబిన్ 9.8 అని ఉంది. ఆ అంకె కింద పెన్నుతో గీత గీసి అమ్మకి చూపించాను. మాత్రల అట్టలు ఇప్పుడు అన్నం గిన్నెల పక్కన, అందరికీ కనబడేలా ఉన్నాయి. వచ్చే 9న తమ్ముడు సెలవు పెట్టి తీసుకెళ్తానన్నాడు.