కర్నెల్ గడియారం వెనక్కి నడవకూడదు, లీప్ సెకండ్ ని 2035 దాకా మొయ్యడం దేనికి?

భూమి తిరిగే వేగానికీ అణు గడియారాలకీ తేడా వస్తే, సరిచెయ్యడానికి అప్పుడప్పుడూ ప్రపంచ గడియారానికి కలిపే ఒక్క సెకండే లీప్ సెకండ్. ఈ గొడవ 2035 కల్లా లేకుండా చెయ్యాలని 2022 నవంబర్ లో తూనికలు కొలతల అంతర్జాతీయ సభ తీర్మానం చేసింది కదా. నిర్ణయం మంచిదే, గడువే మింగుడు పడట్లేదు. ఎప్పుడో ఆపేయాల్సింది అది.

2012 సంగతి చూడండి. జులై 1 ఆదివారం, మన టైం ప్రకారం పొద్దున్న అయిదున్నరకి ఒక లీప్ సెకండ్ కలిపారు. లినక్స్ కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్ కి గుండెకాయ లాంటి భాగం) అందరికీ చూపించే గడియారాన్ని ఒక సెకండ్ వెనక్కి జరిపింది, కానీ ఆ సంగతి లోపల టైమర్లు చూసుకునే హెచ్‌ఆర్‌టైమర్ భాగానికి చెప్పలేదు, దాంతో అది సెకండ్ ముందే ఉండిపోయింది. "అర సెకండ్ ఆగి లేపు" అని పడుకున్న ప్రోగ్రాంని అప్పుడే టైం అయిపోయిందని లేపేసేది, అది చూసుకుని మళ్ళీ పడుకునేది, మళ్ళీ లేపేసేది. జావా, మైఎస్‌క్యూఎల్ నడిచే సర్వర్లలో సీపీయూ అంతా ఈ పనికే సరిపోయింది. రెడిట్, మొజిల్లా లాంటివే ఇబ్బంది పడ్డాయి. మందు ఏంటో తెలుసా? డేట్ కమాండ్ తో ఉన్న టైమునే మళ్ళీ సెట్ చెయ్యడం! టైం సెట్ చేస్తే కర్నెల్ టైమర్లకి కబురు పంపుతుంది, లీప్ సెకండ్ దారిలో మర్చిపోయిన ఫంక్షన్ కాల్ సరిగ్గా అదే.

రాసినవాళ్ళని తిట్టి లాభం లేదు. కొన్నేళ్ళకోసారి ఒక్క సెకండ్ నడిచే కోడ్ కి టెస్టింగ్ ఎంత చేసినా తక్కువే. 2016 చివర్లో వచ్చిన లీప్ సెకండ్ కి క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిచ్చే వ్యవస్థ) లో "ఎంతసేపు పట్టింది" అన్న లెక్క మైనస్ లో వచ్చి ప్రోగ్రాం పడిపోయింది. ఇప్పుడు భూమి కాస్త వేగం పుంజుకుంది కాబట్టి సెకండ్ కలపడం కాదు, తీసెయ్యాల్సి రావచ్చు అంటున్నారు. ఆ దారి ఇంతవరకు ఒక్కసారి కూడా నిజంగా నడవలేదు, దాన్ని ప్రపంచంలో ఉన్న సర్వర్లన్నిటి మీదా ఒకేసారి ట్రై చేస్తారా?

గడియారం సూర్యుడితో తెగిపోతుందని ఖగోళ శాస్త్రం వాళ్ళ అభ్యంతరం. వాళ్ళకి భూభ్రమణం లెక్క విడిగా ఎలాగూ వస్తుంది. మిగతావాళ్ళ సంగతికొస్తే, మన ఐఎస్‌టీ 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది, అది కాకినాడ దగ్గర్లోంచే పోతుంది, హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమర, అంటే సూర్యుడి లెక్కలో ఓ పదహారు నిమిషాలు తేడా. పంచాంగం రాసేవాళ్ళు ఊరిని బట్టి సవరించుకుంటారు, మనకి ఏ ఇబ్బందీ లేదు. 1972 నుంచి కలిపిన లీప్ సెకండ్లు మొత్తం 27, అర నిమిషం కూడా కాదు!

అసలు నా బాధ మన చదువుల గురించి. కర్నెల్ లో ముఖ్యంగా రెండు గడియారాలు ఉంటాయి, గోడ గడియారం లాంటి రియల్‌టైమ్ ఒకటి, ఎప్పుడూ వెనక్కి పోని మోనోటోనిక్ ఇంకొకటి. బీటెక్ లో ఓఎస్ అంటే షెడ్యూలింగ్, డెడ్‌లాక్ తప్ప ఈ తేడా గట్టిగా చెప్పేవాళ్ళు తక్కువ, ఇంటర్వ్యూల్లో అడిగేవాళ్ళు ఇంకా తక్కువ. ఆ పిల్లలే రేపు పేమెంట్ టైమవుట్ రాసేటప్పుడు ఇప్పటి టైం లోంచి ఇందాకటి టైం తీసేస్తారు, ఎన్‌టీపీ (నెట్ నుంచి టైం సరిచేసే పద్ధతి) గడియారాన్ని ఒక్కసారిగా జరిపిన రోజు ఆ లెక్క తప్పుతుంది. లీప్ సెకండ్ పోయినా ఈ తప్పు పోదు, ఓఎస్ ల్యాబ్ లో గడియారాన్ని వెనక్కి తిప్పి పిల్లల ప్రోగ్రాం ఏమవుతుందో చూపించడానికి ఒక్క పూట చాలు.