గుర్రాల దగ్గర పని చేయాలంటే ఏం చదవాలి? డెల్టా పిల్లలకు సూటిగా

భీమవరంలోనో అమలాపురంలోనో పెళ్లి ఊరేగింపు గుర్రం చుట్టూ మూగే పిల్లల్లో ఎవరో ఒకరు ఈ పని ఎలా నేర్చుకోవాలని అడుగుతారు, పెద్దవాళ్లు నవ్వేసి ముందు ఇంటర్ పాసవ్వమంటారు. అది నవ్వేయాల్సిన ప్రశ్న కాదు. గేదెలు, చేపలు, రొయ్యలు తప్ప వేరే జీవాలతో కూడా బతుకుదెరువు ఉంటుందని గోదావరి జిల్లాల్లో పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ, చెప్పినా గుర్రమెక్కే రౌతు గురించే చెబుతారు.

ఆ దారి చాలా ఇరుకు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, గుర్రంతో లెక్కగా అడుగులు వేయించే డ్రెస్సాజ్ పోటీలో మన జట్టుకు స్వర్ణం వస్తే దేశమంతా మురిసింది, నేనూ మురిశాను. కానీ ఆ నలుగురూ యూరప్‌లో ఉండి శిక్షణ తీసుకున్నవాళ్లు, ఆ ఖర్చు మధ్యతరగతి ఇల్లు మోయలేదు. పందెం గుర్రమెక్కే జాకీ అవ్వాలంటే ఏదో ఒక రేస్ క్లబ్బులో అప్రెంటిస్‌గా చేరాలి, ఒంటి బరువు యాభై కిలోల దగ్గరే ఆగాలి. పదహారేళ్లకు ఒడ్డూ పొడుగూ వచ్చేస్తే ఇంక ఆ మాట మర్చిపోవాల్సిందే.

చదువు దారి నయం. బైపీసీ తర్వాత పశువైద్య డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. మనకు దగ్గర్లో గన్నవరం కాలేజీ ఉంది. ఆ డిగ్రీతో సైన్యం జంతువులను చూసుకునే రీమౌంట్ వెటర్నరీ కోర్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్‌కి, అంటే కొన్నేళ్ల ఆఫీసర్ ఉద్యోగానికి, అప్లై చేయొచ్చు, ఎంపికైతే కెప్టెన్ హోదాతోనే మొదలు. 1779లో పుట్టిన విభాగం అది, దాని శిక్షణ కేంద్రం మీరట్‌లో ఉంది. డిగ్రీ దాకా వెళ్లలేనివాళ్లు ఇంటర్ సైన్స్ మార్కులతో నర్సింగ్ అసిస్టెంట్ వెటర్నరీ కేటగిరీకి ప్రయత్నించొచ్చు. ఆర్మీ ర్యాలీ కోసం తెల్లవారుజామున కాలవ గట్ల మీద పరుగెత్తే మన కుర్రాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇక అందరూ వదిలేసే పని, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే పని, డెక్కల పని. గుర్రం డెక్క నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి లాడం తీసి, డెక్క చెక్కి, మళ్లీ కొట్టాలి, ఒక్క మేకు లోపలి మెత్తటి భాగంలోకి దిగితే గుర్రం కుంటుపడుతుంది. బ్రిటన్‌లో 1975 చట్టం ప్రకారం రిజిస్టరైనవాళ్లే లాడాలు కొట్టాలి, అందుకు ఏళ్ల అప్రెంటిస్‌షిప్ చేయాలి. మన దగ్గర ఏ చట్టమూ అడగదు. పైగా మనది నీటి నేల, వర్షాకాలమంతా తడిలో నిలబడితే డెక్క అడుగు కుళ్లి వాసన కొడుతుంది. ఎడ్లకు లాడాలు కొట్టేవాళ్లకు ట్రాక్టర్లొచ్చాక పని తగ్గిపోయింది. ఎద్దు డెక్క రెండుగా చీలి ఉంటుంది, గుర్రానిది ఒకటే, అందుకని వాళ్లూ కొత్తగా నేర్చుకోవాల్సింది చాలానే ఉంది, అయినా సుత్తి పట్టే చెయ్యి సిద్ధంగా ఉన్న మనుషులు వాళ్లే కదా.

గుర్రాన్ని మేపి, కడిగి, కనిపెట్టుకుని ఉండే సాయిసు పని కూడా అంతే. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అంటారు గానీ ఆ దాణా ఎంత, ఎప్పుడు అన్నదే అసలు విద్య. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. విందులో మిగిలిన అన్నం, స్వీట్లు ప్రేమగా పెట్టేస్తే కడుపునొప్పితో చచ్చిపోవచ్చు కూడా. కాలితో నేల గీరడం, మాటిమాటికీ డొక్క వైపు చూసుకోవడం, పేడ ఆగిపోవడం, వీటిని డాక్టర్ కంటే ముందు పట్టేది సాయిసే. మనుషులకూ అంటుకునే గ్లాండర్స్ అనే గుర్రాల జబ్బు వస్తే ముందు ప్రమాదంలో పడేదీ అతనే. అలాంటి మనిషిని కూలీగా లెక్కేయడం నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

నేను కోరేది పెద్దదేం కాదు. పదో తరగతి తర్వాత చేరే పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా రెండేళ్లది ఎలాగూ ఉంది. దానికి పక్కనే ఆరు నెలల గుర్రాల సంరక్షణ, లాడాల కోర్సు పెట్టి, రిటైరైన ఆర్మీ లాడాల నిపుణులతో పాఠాలు చెప్పించొచ్చు. ఇప్పటికే ఏళ్లుగా సాయిసు పని చేస్తున్నవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. ఆ కాగితం చేతిలో ఉంటే మలక్‌పేట రేసు గుర్రాల శాలలోనో బెంగళూరు రైడింగ్ స్కూల్లోనో చేరేటప్పుడు నెల జీతం, ప్రమాద బీమా అడిగే హక్కు మన కుర్రాడికి వస్తుంది.